బీఎడ్ ఉంది, లైసెన్సు లేదు: గుంటూరు లెక్కల టీచరమ్మ టెక్సస్ పూర్తి సర్టిఫికెట్ అందుకోవడానికి పట్టిన రెండున్నరేళ్లు

2023 జనవరిలో ఒక ఆదివారం మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద ఆవిడ ఒక ప్లాస్టిక్ ఫైలు పెట్టింది. పదో తరగతి మార్కుల మెమో దగ్గర్నుంచి బీఎడ్ ఒరిజినల్ డిగ్రీ దాకా అన్నీ వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన, ఇక్కడికొచ్చాక సొంతంగా డబ్బు కట్టి తెప్పించుకున్న ఒక ఇవాల్యుయేషన్ రిపోర్టు. అందులో ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి ఉంది. ఆవిడ బీఎస్సీ, అమెరికాలో మూడేళ్ల అండర్‌గ్రాడ్యుయేట్ చదువుతో సమానమని ఆ వాక్యం సారాంశం.

"అంటే నాది డిగ్రీయే కాదా అక్కా?" అంది.

నేను డాలస్ పక్కన పదకొండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఇప్పుడు డిగ్రీ ఉన్నవాళ్లకి టీచరు శిక్షణ ఇచ్చే ఒక ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ప్రోగ్రాంలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. కొత్త టీచర్ల క్లాసులో వెనక కూర్చుని చూసి, రాసి, వాళ్లతో మాట్లాడటం నా పని. మనవాళ్లలో బీఎడ్ చేసి, ఊళ్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, ఇక్కడికొచ్చి ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్లు ఎందరో నాకు తెలుసు. వాళ్లందరికీ పనికొచ్చే సంగతులు ఈ ఒక్క కేసులోనే చాలా ఉన్నాయి కాబట్టి ఆవిడ అనుమతితో మొత్తం రాస్తున్నాను. పేరు రాయను. టీచరమ్మ అంటాను, అక్కడి పిల్లలు అలాగే పిలిచేవాళ్లట.

టీచరమ్మది గుంటూరు దగ్గర పల్లె. ఎంపీసీ గ్రూపుతో బీఎస్సీ, 58 శాతం. 2006లో బీఎడ్, అప్పట్లో అది ఏడాది కోర్సు. ఆ కోర్సు రెండేళ్లది అయింది 2015 నుంచి. తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పింది. టెట్ పాసైంది. డీఎస్సీ-2014లో స్కూల్ అసిస్టెంట్ పోస్టు రెండు మార్కుల్లో పోయింది. 2016లో భర్త దగ్గరికి టెక్సస్ వచ్చింది. హెచ్-4 మీద, అంటే హెచ్-1 ఉద్యోగ వీసా ఉన్న భర్త మీద ఆధారపడిన వీసా మీద, ఐదేళ్లు ఖాళీగా ఉండి, 2021లో పని చేసుకునే అనుమతి, అదే ఈఏడీ, తెచ్చుకుంది. హెచ్-4 వాళ్లకి ఈ అనుమతి 2015 మే నుంచే ఉంది గానీ, భర్త గ్రీన్ కార్డు ఫైలు ఒక దశ దాటితే తప్ప రాదు. అందుకే అంత ఆలస్యం.

మన దగ్గర లైసెన్సు అనేదే లేదు

ఆవిడ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఇంకో సంగతి తేల్చాల్సి వచ్చింది. టీచరమ్మ దృష్టిలో బీఎడ్ అంటే టీచరు లైసెన్సు. డాక్టరుకు ఎంబీబీఎస్ ఎలాగో తనకు బీఎడ్ అలాగ అనుకుంది. కానీ డాక్టరు కూడా ఎంబీబీఎస్ తర్వాత మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరు కావాలి. టీచర్లకు మన దగ్గర అలాంటి రిజిస్టరు లేదు. బీఎడ్ శిక్షణ, టెట్ అర్హత పరీక్ష, డీఎస్సీ ఉద్యోగ నియామకం. ఈ మూడింటిలో ఏదీ లైసెన్సు కాదు.

అమెరికాలో టీచరు లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది. ఫెడరల్ ప్రభుత్వానికి ఇందులో పాత్ర లేదు. టెక్సస్‌లో దీన్ని సర్టిఫికెట్ అంటారు. నిబంధనలు చేసేది స్టేట్ బోర్డ్ ఫర్ ఎడ్యుకేటర్ సర్టిఫికేషన్, నడిపించేది టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అందరూ టీఈఏ అనే అంటారు. వేరే దేశంలో లైసెన్సు ఉన్నవాళ్లు దాన్ని చూపించి సమీక్ష చేయించుకునే దారి ఒకటుంది. టీచరమ్మ ఆ దారి గురించి ఎవరో చెప్పగా విని, తన బీఎడ్‌ని అక్కడికే పంపుదామనుకుంది. నేను వద్దన్నాను. చూపించడానికి లైసెన్సు కాగితమే లేనప్పుడు ఆ దారిలో ఫీజు కట్టి నిలబడటం దేనికి? బీఎడ్‌ని లైసెన్సుగా చూపిస్తే నిలవదు. చదువుగా చూపిస్తే మాత్రం ఎంతో పనికొస్తుంది. ఈ తేడా తెలియక ఏడాది, రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను.

చదువుగా ఎలా పనికొస్తుందో ఆ పెన్సిల్ గీత దగ్గరే చెప్పాను. అమెరికా బ్యాచిలర్స్ డిగ్రీ నాలుగేళ్లది. మన మూడేళ్ల బీఎస్సీని కొన్ని సంస్థలు కొన్ని షరతులతో పూర్తి డిగ్రీగా ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. టీచరమ్మ మొదటిసారి పంపింది బీఎస్సీ ఒక్కటే. బీఎడ్ ఎందుకు పంపలేదంటే, "అది ట్రైనింగే కదక్కా, లెక్కలు కాదుగా" అంది. కానీ బీఎస్సీ మూడేళ్లు, దాని మీద బీఎడ్ ఒక ఏడాది కలిపితే నాలుగేళ్ల చదువు. టీఈఏ గుర్తింపున్న ఇవాల్యుయేషన్ సంస్థకి రెండూ కలిపి, కోర్సు వారీగా మళ్లీ పంపమన్నాను.

కోర్సు వారీగా అన్నమాట ముఖ్యం. డిగ్రీ ఉందా లేదా అని మాత్రమే చెప్పే చౌక రిపోర్టు ఒకటుంటుంది. ఏయే సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లు, ఏ గ్రేడు అని విడివిడిగా చెప్పేది ఇంకొకటి. టెక్సస్‌లో ఏడో తరగతి, ఆ పైన లెక్కలు లేదా సైన్స్ చెప్పాలంటే టీచరు శిక్షణ ప్రోగ్రాంలో చేర్చుకునే ముందే ఆ సబ్జెక్టులో కనీసం 15 క్రెడిట్ గంటలు చూస్తారు. మిగతా సబ్జెక్టులకు 12 చాలు. క్రెడిట్లు తక్కువైతే ముందే సబ్జెక్టు పరీక్ష రాసి నిరూపించుకోవాలి. మూడేళ్లూ లెక్కలు మెయిన్‌గా చదివిన మన ఎంపీసీ వాళ్లకి 15 ఒక లెక్క కాదు, కానీ రిపోర్టులో ఆ అంకె కనపడాలి.

ఇంకో భయం, 58 శాతం. ఇక్కడ స్కూలు పిల్లాడికి 58 వస్తే ఫెయిలు. తనదీ అలాగే చూస్తారేమోనని టీచరమ్మ నిద్ర మానుకుంది. మన యూనివర్సిటీల్లో 60 దాటితే ఫస్ట్ క్లాస్ అని ఇవాల్యుయేషన్ సంస్థలకు తెలుసు. ఆ కొలతతోనే గ్రేడు మారుస్తారు. ప్రోగ్రాంలో చేరడానికి కావాల్సిన కనీస జీపీఏ, అంటే 4కి లెక్కేసే సగటు గ్రేడు, 2.5. కొత్త రిపోర్టులో ఆవిడకి 3 దాటింది.

మూడు సీల్డ్ కవర్లు

కొత్త రిపోర్టుకి ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్లో రావాలి. గుంటూరులో ఉన్న టీచరమ్మ తమ్ముడు చలాన్ కట్టి, ఎగ్జామినేషన్ బ్రాంచి చుట్టూ తిరిగి, ఏడో వారంలో మూడు కవర్లు సంపాదించాడు. ఒకటి పంపడానికి, రెండు దాచుకోవడానికి. నేనే అలా చెప్పాను. ఆ అబ్బాయి అక్కకి వెంటనే చూపించాలన్న ఆత్రంలో ఒక కవరు చింపి, లోపలి కాగితాలు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఫ్లాప్ మీద యూనివర్సిటీ ముద్ర, దాని మీద సంతకం, రెండూ సరిగ్గా మధ్యలో చిరిగాయి. ఆ కవరు ఇక ఎవరికీ పనికిరాదు. మిగిలిన రెంటిలో ఒకటి పంపించాం.

తర్వాత పేరు గొడవ. తెలుగువాళ్లకి ఇది తప్పని తలనొప్పి. మార్కుల మెమోల్లో పుట్టింటి ఇంటిపేరు ఒక్క అక్షరం ఇనీషియల్‌గా ఉంది. పాస్‌పోర్టులో పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పూర్తిగా వచ్చింది, దానితో పాటు పేరు రెండు ముక్కలైంది. టీఈఏలో తెరిచిన ఖాతా పాస్‌పోర్టు పేరు మీద ఉంది. రిపోర్టు మెమోల్లో పేరు మీద వచ్చింది. చూసేవాళ్లకి ఇద్దరు మనుషులు. పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరూ ఒకరేనని నోటరీ చేసిన అఫిడవిట్ ఇచ్చి, రిపోర్టులో రెండు పేర్లూ కనపడేలా దిద్దించుకునేసరికి ఇంకో మూడు వారాలు.

ఇక్కడ తప్పు నాది. పేరు సంగతి మొదటి రోజే చూడాల్సింది. ఫైలు తిరగేస్తూ మార్కులు, సంవత్సరాలు చూశాను గానీ, మెమో మీద పేరునీ పాస్‌పోర్టు మీద పేరునీ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా మొదట ఆ రెండు కాగితాలే అడుగుతాను.

రిపోర్టు 2023 జూన్‌లో వచ్చింది. బీఎస్సీ, బీఎడ్ కలిపి అమెరికా బ్యాచిలర్స్ డిగ్రీతో సమానం. ఫోన్లో చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయింది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఏ సర్టిఫికెట్?

చుట్టుపక్కల వాళ్లందరూ చిన్నపిల్లల క్లాసు తీసుకోమన్నారు, సులువని. ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది. ప్రీ-కే, అంటే నర్సరీ, నుంచి ఆరో తరగతి దాకా చెప్పే సర్టిఫికెట్‌కి ఇంగ్లీషు, సోషల్, సైన్స్, లెక్కలు అన్నీ కలిసిన కోర్ సబ్జెక్ట్స్ పరీక్ష రాయాలి. పైగా 2021 నుంచి పిల్లలకి చదవడం ఎలా నేర్పాలన్న దాని మీద విడిగా ఇంకో పరీక్ష ఉంది, ఇంగ్లీషు శబ్దాల్ని విడగొట్టి కలపడం దగ్గర్నుంచి మొదలవుతుంది. తెలుగు మీడియంలో చదివి, తొమ్మిదేళ్లు త్రికోణమితి చెప్పిన మనిషికి అది సులువెలా అవుతుంది? ఆవిడ బలం లెక్కలు. టెక్సస్‌లో లెక్కల టీచర్ల కొరత కొత్తది కాదు. 7 నుంచి 12 తరగతుల మాథమేటిక్స్ ఎంచుకున్నాం.

అదే సమయంలో ఒక వాట్సాప్ మెసేజ్ తిరిగింది, పౌరసత్వం లేకపోతే టీచరు సర్టిఫికెట్ ఇవ్వరని. టీచరమ్మ భర్త కంగారుపడి రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశాడు. "ఇంత ఖర్చు పెట్టాక ఇదేంటండీ?" అన్నాడు. ఈ భయానికి మూలం లేకపోలేదు. న్యూయార్క్‌లో ఒకప్పుడు పౌరులు కానివాళ్లు, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే ఉద్దేశం చూపకపోతే, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు కాదు. ఆ నిబంధన మీద స్కాట్లండ్‌లో పుట్టిన ఒకావిడ, ఫిన్లండ్ నుంచి వచ్చిన ఇంకొకావిడ కోర్టుకెళ్లారు. 1979లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ నిబంధననే సమర్థించింది. అంబాక్ వర్సెస్ నార్విక్ అని ఆ కేసు పేరు. కానీ రాష్ట్రం అలాంటి నిబంధన పెట్టవచ్చని ఆ తీర్పు అంది తప్ప, పెట్టి తీరాలని అనలేదు. టెక్సస్ పౌరసత్వం అడగదు, పనిచేసే అనుమతి ఉంటే చాలు. ఈ లైసెన్సు రాష్ట్రానిదని మొదట్లోనే చెప్పింది ఇందుకే. ఒక రాష్ట్రంలో ఉన్నవాళ్లు ఇంకో రాష్ట్రపు మెసేజ్ చదివి నిద్ర పాడుచేసుకోవడం నేను తరచూ చూస్తాను.

లెక్కలు వచ్చు, కానీ

టెక్సస్‌లో సర్టిఫికెట్‌కి ఐదు మెట్లు: డిగ్రీ, గుర్తింపున్న శిక్షణ ప్రోగ్రాం, పరీక్షలు, రాష్ట్రానికి దరఖాస్తు, వేలిముద్రలు. డిగ్రీ ఉండి ఉద్యోగం చేస్తూ చదివే ప్రోగ్రాంని ఆల్టర్నేటివ్ అంటారు. మొత్తం 300 గంటల శిక్షణ. అందులో 150 గంటలు, దానితో పాటు అప్పటి నిబంధన ప్రకారం 30 గంటలు బడిలో కూర్చుని పరిశీలన, క్లాసులోకి వెళ్లకముందే పూర్తి చేయాలి. సబ్జెక్టు పరీక్ష పాసైతే ఇంటర్న్ సర్టిఫికెట్ ఇస్తారు, ఒక్క ఏడాదికి. దాని మీద పూర్తి జీతంతో నిజమైన టీచరుగా పనిచేయవచ్చు. అంతా కలిపి ఫీజులు నాలుగైదు వేల డాలర్ల దాకా అయ్యాయి. డాలస్ చుట్టుపక్కల మొదటి ఏడాది టీచరు జీతం 60 వేల చుట్టూ ఉంటుంది, కనుక ఆ ఖర్చుకి నేను వెనకాడమనలేదు.

మాథమేటిక్స్ పరీక్ష వంద ప్రశ్నలు, ఐదు గంటలు. 300కి 240 రావాలి. మూడో వంతు ఒక్క ఆల్జీబ్రా, ఫంక్షన్లే. టీచరమ్మ మూడు నెలలు చదివింది. ఇబ్బంది పడింది ఒక్క గ్రాఫింగ్ కాలిక్యులేటర్ దగ్గర. మన దగ్గర కాలిక్యులేటర్ ముట్టుకుంటే తప్పు, ఇక్కడ స్క్రీన్ మీదే అదొకటి ఇస్తారు, వాడకపోతే టైము చాలదు. 2023 అక్టోబర్‌లో మొదటిసారే 262 వచ్చింది.

దెబ్బ తగిలింది రెండో పరీక్షలో. పెడగాజీ అండ్ ప్రొఫెషనల్ రెస్పాన్సిబిలిటీస్, అందరూ పీపీఆర్ అంటారు. అదీ వంద ప్రశ్నలే, అదే 240. 2024 జులైలో రాసింది, 228. తొమ్మిదేళ్లు పాఠం చెప్పిన మనిషి, పాఠం ఎలా చెప్పాలన్న పరీక్షలో ఫెయిలైంది. ఆ వారం ఫోన్ ఎత్తలేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని, తను చేసిన ప్రాక్టీస్ పేపర్లలో తప్పులన్నీ విడదీశాం. ఒక పిల్లాడు వరసగా మూడు రోజులు హోంవర్కు తేలేదు, టీచరు మొదట ఏం చేయాలి అన్న తరహా ప్రశ్న తీసుకోండి. టీచరమ్మ ప్రతిసారీ ఇంటికి ఫోన్ చేయడమే ఎంచుకుంది. ఇక్కడ కావలసిన జవాబు, పిల్లాడిని పక్కకి పిలిచి ఎందుకు చేయలేదో కనుక్కోవడం. ఇంట్లో చెల్లెల్ని చూసుకుంటున్నాడేమో, అసలు పాఠమే అర్థం కాలేదేమో. గుంటూరు బడిలో నాన్నకి చెప్తానంటే పని అయిపోతుంది. నాన్నకి కూడా అదే కావాలి. తప్పు జవాబుల్లో సగం ఈ కోవలోవే.

ఇంకో కోవ, టీచరు బోర్డు మీద వివరించే జవాబులు. నాలుగు ఎంపికల్లో టీచరు మరోసారి స్పష్టంగా వివరించడం ఒకటుంటే టీచరమ్మ కళ్లు మూసుకుని దాన్నే గుర్తు పెట్టేది. పరీక్ష వెతికేది మాత్రం పిల్లలు తామే చేసి, చెప్పి, తప్పు పట్టుకునే జవాబు.

మూడోది నన్నే ఆపేసింది. ఆన్సర్ షీట్లు తిరిగిచ్చేటప్పుడు మన దగ్గర మార్కుల వరస ప్రకారం పిలిచి ఇస్తాం. 25కి 24 వచ్చిన అమ్మాయి మొదట, 3 వచ్చిన అబ్బాయి చివర, పేరుతో పాటు మార్కు గట్టిగా చదువుతాం. నేనూ తెనాలిలో అలాగే ఇచ్చాను, అలాగే తీసుకున్నాను. ఇక్కడ విద్యార్థి మార్కు అతని రహస్య రికార్డు. తల్లిదండ్రులకీ, అతనికి పాఠం చెప్పేవాళ్లకీ తప్ప మిగతావాళ్లకి తెలియకూడదు. ఫెర్పా అనే చట్టం 1974 నుంచీ ఉంది. టీచరమ్మ ఇది విని చాలాసేపు ఊరుకుంది. తర్వాత నెమ్మదిగా, "చివర్లో పిలిచే పిల్లాడు బెంచీలోంచి లేచి రావడానికి ఎంతసేపు పట్టేదో నాకు గుర్తుంది అక్కా" అంది. ఆ రోజు నుంచి పీపీఆర్ ఆవిడకి పరీక్ష కాలేదు, వేరే సంగతి అయింది. మళ్లీ రాయడానికి మధ్యలో 30 రోజులు ఆగాలి, మొత్తం ఐదుసార్లే అవకాశం. తొందరపడొద్దన్నాను. క్లాసులో అడుగుపెట్టాక రాద్దువుగాని అన్నాను. ఇంటర్న్ సర్టిఫికెట్‌కి సబ్జెక్టు పరీక్ష చాలు కాబట్టి ఆ వెసులుబాటు ఉంది.

ఇంటర్వ్యూ

ఉద్యోగం అంతకు ముందే, జూన్‌లో వచ్చింది. ప్రోగ్రాం ఇచ్చే అర్హత పత్రం, స్టేట్‌మెంట్ ఆఫ్ ఎలిజిబిలిటీ, పట్టుకుని 14 బళ్లకి దరఖాస్తు పెడితే మూడు పిలిచాయి. మొదటి ఇంటర్వ్యూలో క్లాస్ ఎలా అదుపులో పెడతారని అడిగితే, నా క్లాసులో సూది పడినా వినపడుతుంది అని గర్వంగా చెప్పింది. అక్కడ మళ్లీ పిలవలేదు. రెండోదానికి ముందు ఇద్దరం కూర్చున్నాం. అబద్ధం చెప్పొద్దు, నీకు తెలిసిన మంచి పనినే వాళ్లకి అర్థమయ్యేలా చెప్పు అన్నాను. ఆవిడకి తెలిసిన మంచి పని ఏమిటంటే, పదో తరగతిలో వెనకబడిన పన్నెండు మందిని సాయంత్రం కూర్చోబెట్టి, ఒక్కొక్కరు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో ఒక నోటు బుక్కులో రాసుకోవడం. ఆ నోటు బుక్కు సంగతి చెప్పింది. ప్రిన్సిపాల్ కుర్చీ ముందుకు జరుపుకుందట.

డెమో పాఠం ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ ప్లస్ 6. మనం అయితే మధ్య పదాన్ని 2, 3గా విడగొట్టి రెండు నిమిషాల్లో బోర్డు మీద ముగిస్తాం. టీచరమ్మ రంగు అట్టముక్కలు కత్తిరించి తెచ్చింది, ఒక పెద్ద చదరం, ఐదు పొడుగు ముక్కలు, ఆరు చిన్న చదరాలు. అన్నీ కలిపి ఒకే దీర్ఘచతురస్రం చేయమని పిల్లల చేతికిచ్చింది. చేశాక పొడవు ఎంత, వెడల్పు ఎంత అని అడిగింది. ఎక్స్ ప్లస్ 3, ఎక్స్ ప్లస్ 2. ఆ అట్టముక్కలు మా ఇంటి టేబుల్ మీదే కత్తిరించాం. తొమ్మిదో తరగతి ఆల్జీబ్రా-1 ఇచ్చారు.

ఆ ఏడాది

ఇంటర్న్ ఏడాదిలో ప్రోగ్రాం తరఫున కనీసం ఐదుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు తగ్గకుండా, క్లాసు చూడాలి. మొదటిది ఆరు వారాల్లోపు. ఆ చూసే మనిషిని నేనే.

మొదటి పరిశీలన సెప్టెంబర్‌లో. టీచరమ్మ గుంటూరు అలవాటు కొద్దీ క్లాసు మొత్తాన్ని ఉద్దేశించి అడిగింది: "మైనస్ ఇంటూ మైనస్?" అక్కడైతే నలభై గొంతులు ప్లస్ అని అరుస్తాయి. ఇక్కడ ఇరవై ఎనిమిది మంది మౌనంగా చూశారు. మళ్లీ అడిగింది. ఒకడు జుట్టు సవరించుకున్నాడు. మూడోసారి తనే జవాబు చెప్పేసింది. వెనక కూర్చున్న నాకు ఆవిడ చెవులు ఎర్రబడటం కనపడింది. తర్వాత మాట్లాడుకున్నప్పుడు ఒక్కటే చెప్పాను, చిన్న తెల్ల పలకలు కొనమని. ప్రతి పిల్లాడికీ ఒక పలక, ఒక మార్కర్. అడిగాక పది సెకన్లు ఆగు, అందరూ రాసి ఒకేసారి ఎత్తి చూపిస్తారు. నవంబర్‌లో వెళ్లేసరికి ఆ పలకలతో నాకన్నా బాగా పని చేయిస్తోంది. ఎవరి పలక మీద ఏ తప్పు ఉందో నడుస్తూనే నోటు బుక్కులో రాసుకుంటోంది. అదే నోటు బుక్కు పద్ధతి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయం ఆవిడకి కొత్త. ఒక అబ్బాయికి పరీక్షలో ఎక్కువ సమయం ఇవ్వాలని 504 ప్లాన్ ఉంది, అంటే వైకల్యం ఉన్న పిల్లలకి బడి ఇవ్వాల్సిన వెసులుబాట్లు రాసిపెట్టిన కాగితం. తోటి పిల్లలకి ఇది అన్యాయం కాదా అని మొదట నన్ను అడిగింది. అక్టోబర్‌లో ఒక అమ్మాయి కోసం ఏఆర్‌డీ మీటింగ్‌కి పిలిచారు. స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల చదువు ఏడాది ఎలా సాగాలో తల్లిదండ్రులు, టీచర్లు కలిసి తేల్చే మీటింగ్‌ని టెక్సస్‌లో అలా అంటారు. ఆ అమ్మాయి తల్లి ఏడ్చిందట. ఆ రాత్రి టీచరమ్మ నాకు ఫోన్ చేసి, గుంటూరులో మొద్దబ్బాయి అని తను వదిలేసిన ఒక పిల్లాడి గురించి చెప్పింది. అన్యాయం కాదా అని మళ్లీ అడగలేదు.

2025 జనవరిలో పీపీఆర్ మళ్లీ రాసింది. 256.

ఇంకో ముప్పు వీసా వైపు నుంచి. ఈఏడీ, హెచ్-4 రెండూ మార్చితో ముగుస్తున్నాయి. భర్త హెచ్-1 పొడిగింపుతో కలిపి సెప్టెంబర్‌లోనే దాఖలు చేయించాను. 2023 జనవరి నుంచి రెండేళ్లపాటు ఒక కోర్టు ఒప్పందం వల్ల భర్త ఫైలుతో పాటే హెచ్-4, ఈఏడీ ఫైళ్లు కూడా చూసేవాళ్లు, కాబట్టి ఆవిడది ఇబ్బంది లేకుండా వచ్చేసింది. ఆ ఒప్పందం గడువు తీరింది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే ఈఏడీ రెన్యూవల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు కూడా చాలావరకు తీసేశారు. ఈ దారిలో రాబోయేవాళ్లు ఆరు నెలల ముందే, అంటే దాఖలు చేయడానికి వీలున్న మొదటి రోజే పెట్టుకోవాలి. మధ్యలో కార్డు గడువు తీరితే పిల్లల క్లాసు వదిలి ఇంట్లో కూర్చోవాలి, ఇంటర్న్ సర్టిఫికెట్ ఏడాది మాత్రం ఆగకుండా గడిచిపోతుంది.

జీతం మెట్టు విషయంలో కొంత నష్టపోయింది. పాత అనుభవం లెక్కలోకి రావాలంటే పాత బడి సర్వీస్ రికార్డు ఇవ్వాలి: ఏ ఏడాది ఎన్ని రోజులు, పూర్తి సమయమా కాదా, బడికి ప్రభుత్వ గుర్తింపు ఉందా. ఆ బడి యాజమాన్యం మధ్యలో మారింది, మొదటి మూడేళ్ల హాజరు పుస్తకాలు దొరకలేదు. తొమ్మిదేళ్లలో ఆరే ఒప్పుకున్నారు. అక్కడ పనిచేస్తూ రేపో మాపో విమానం ఎక్కేవాళ్లు ఉంటే, బయల్దేరే ముందే లెటర్‌హెడ్ మీద సంవత్సరం వారీగా రాయించుకోండి. ఐదు నిమిషాల పని. ఇక్కడికొచ్చాక అడిగితే ఏళ్లు పట్టినా దొరక్కపోవచ్చు.

స్టాండర్డ్ సర్టిఫికెట్, అంటే ఇంటర్న్ ఏడాది తర్వాత ఇచ్చే పూర్తి సర్టిఫికెట్, 2025 జూన్‌లో వచ్చింది. ఐదేళ్లు చెల్లుతుంది, మళ్లీ రెన్యూ చేయాలంటే ఆ లోపు 150 గంటల శిక్షణ చూపించాలి. ఇప్పుడు భర్త ప్రాజెక్టు నార్త్ కరోలినా వెళ్లేలా ఉంది. ఇంటర్న్ సర్టిఫికెట్ పట్టుకుని రాష్ట్రం దాటి ఉంటే దాదాపు మొదట్నుంచి మొదలెట్టాల్సి వచ్చేది, స్టాండర్డ్ ఉంది కాబట్టి అక్కడ అడిగే ధైర్యం ఉంది. రాష్ట్రాల మధ్య ఒప్పందాలు ఉన్నాయి గానీ, ఏ రాష్ట్రమూ ఇంకో రాష్ట్రపు సర్టిఫికెట్‌ని కళ్లు మూసుకుని ఒప్పుకోదు. తన పరీక్షలేవో తను అడుగుతుంది, చదువు కాగితాలు మళ్లీ చూస్తుంది.

పోయిన వారం టీచరమ్మ ఫోన్ చేసి, "అక్కా, మూడో కవరు బీరువాలో ఉంది, తీయమంటావా?" అంది. తీయి, కానీ చింపకు అన్నాను.